అమ్మ బయోస్, అమ్మాయి యూఈఎఫ్ఐ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మ చాలా ఏళ్లపాటు కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉంది. నేను సాఫ్ట్‌వేర్ చదువుతున్నాను. ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజే మా ఇద్దరికీ వాదన మొదలైంది. ఆమె ముందుగా సెటప్‌లోకి వెళ్లి, ఆమోదిత సంతకం లేని ప్రోగ్రాములను బూట్ దశలో నడవనివ్వని సెక్యూర్ బూట్‌ను ఆపేసింది. పాత పద్ధతిలో బూట్ చేసే లెగసీ ఆప్షన్ కోసం వెతికి, అది అసలు లేదని తెలిశాక, ‘ఇది మన యంత్రం కాదు, అమ్మినవాళ్ల యంత్రం’ అంది. ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచి యంత్రాన్ని సిద్ధం చేసే ప్రోగ్రాముల్లో కొత్తదైన యూఈఎఫ్ఐ వేగమైనదనీ, భద్రమైనదనీ, పాతదైన బయోస్‌కు కాలం చెల్లిందనీ నా వాదన. బయోస్ మనిషికి అర్థమయ్యేంత చిన్నదనీ, ఇప్పుడు విండోస్ రాకముందే దాని కింద ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూర్చుంటోందనీ, మన కంప్యూటర్‌లో ఏది నడవాలో మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం తేల్చడమేమిటనీ, పైగా ఆ భద్రతను ఇప్పటికే ఎన్నోసార్లు ఛేదించారనీ ఆమె వాదన. సెక్యూర్ బూట్‌ను ఆపి ఉంచడం నిజంగా ప్రమాదమా? ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌ను కూడా కొత్త పద్ధతికి మార్చాలా? మా ఇద్దరిలో ఎవరి మాట సరైనది?

జవాబు: మీ ఇంట్లో వేగం గురించి, భద్రత గురించి, అధికారం గురించి మూడు వేర్వేరు తగవులు ఒకే తగవుగా నడుస్తున్నాయి. వేగం విషయంలో మీ వాదన బలహీనంగా ఉంది. పాత పద్ధతే మేలన్న చోట మీ అమ్మగారి వాదన నిలవదు. అధికారం గురించి ఆమె వేస్తున్న ప్రశ్న మాత్రం న్యాయమైనది, దానికి మీరు ఇంతవరకు జవాబు చెప్పినట్టు ఉత్తరంలో కనబడలేదు.

పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేదాకా పట్టే సమయంలో ఫర్మ్‌వేర్ (బోర్డు చిప్పులో ఉండే బయోస్ లేదా యూఈఎఫ్ఐ) వాటా కొంత మాత్రమే. మిగిలినదంతా ఆపరేటింగ్ సిస్టమ్‌ను డిస్కు నుంచి చదివి నిలబెట్టే పని. పాత డెస్క్‌టాప్‌లో తిరిగే హార్డ్ డిస్కూ, కొత్త ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ ఉన్నట్లయితే, మీ కంటికి కనిపిస్తున్న తేడాలో పెద్ద భాగం ఎస్ఎస్‌డీ వల్ల వచ్చినదే. దీన్ని వాదించి కాక కొలిచి తేల్చుకోవచ్చు. యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అయిన యంత్రంలో విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ విభాగానికి వెళితే ‘లాస్ట్ బయోస్ టైమ్’ పేరుతో సెకన్ల లెక్క కనిపిస్తుంది, ఫర్మ్‌వేర్ తీసుకున్న సమయం అదే. లినక్స్‌లో సిస్టమ్‌డీ-ఎనలైజ్ అనే ఆదేశం ఫర్మ్‌వేర్‌కు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్‌కు, ఆ సిస్టమ్ గుండె వంటి కెర్నెల్‌కు, మిగతా సేవలకు ఎంతెంత పట్టిందో విడివిడిగా చెబుతుంది. కొత్తదనగానే ఈ అంకె చిన్నదిగా ఉంటుందన్న హామీ ఏమీ లేదు. డీడీఆర్5 మెమరీ ఉన్న కొన్ని యంత్రాలు మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీని సరిచూసుకుంటూ నిమిషాల తరబడి నల్లతెరతో ఉండిపోతాయి, చెడిపోయిందని భయపడి మధ్యలో ఆపేసేవాళ్లు కూడా ఉన్నారు.

ఇక మీ అమ్మగారు మెచ్చుకునే బయోస్ సంగతి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ నాటి ఆ ఏర్పాటు నిజంగానే చిన్నది. యంత్రం తన భాగాలను పరీక్షించుకుని, డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అంటే 512 బైట్లను, మెమరీలో 7సీ00 అనే చిరునామాకు తెచ్చి, అక్కడి నుంచి అమలు మొదలుపెట్టేది. హార్డ్ డిస్కులు వచ్చాక ఆ 512లో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకు, చివరి రెండు 55, ఏఏ అనే గుర్తుకు సరిపోయేవి. ఇదంతా ఒక్క కాగితం మీద రాసుకుని పూర్తిగా అర్థం చేసుకోగలిగిన మనిషికి, కోట్ల బైట్ల ఫర్మ్‌వేర్‌ను చూసినప్పుడు అపనమ్మకం కలగడంలో వింతేమీ లేదు. కింద ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూర్చుందన్న ఆమె మాట కూడా అతిశయోక్తి కాదు: యూఈఎఫ్ఐకి సొంత డ్రైవర్లు ఉంటాయి, ఫైల్ వ్యవస్థను అది చదవగలదు, నెట్‌వర్క్‌తో మాట్లాడగలదు, ప్రోగ్రాములను నడపగలదు.

అయితే ఆ చిన్నతనానికి చెల్లించిన మూల్యాన్ని కూడా ఆమె ముందు పెట్టండి. చివరి రెండు బైట్లు సరిగ్గా ఉంటే చాలు, ఆ సెక్టారులో ఏది రాసి ఉన్నా బయోస్ ప్రశ్నించకుండా అమలు చేసేది. 1986 నాటి బ్రెయిన్, ఆ తర్వాత స్టోన్డ్, మైకెలాంజెలో వంటి వైరస్‌లు ఫ్లాపీల మీదుగా ప్రపంచమంతా పాకినది ఈ గుడ్డి నమ్మకాన్ని ఆసరా చేసుకునే. సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న బయోస్ చిప్పునే చెరిపేసి మదర్‌బోర్డులను మూగబోయేలా చేసింది. ఆ రోజుల్లో మరమ్మతు వృత్తిలో ఉండి ఉంటే ఆమెకు ఈ పేరు కొత్త కాదు. అది గడిచిపోయిన కథే అనుకోవడానికి కూడా వీల్లేదు. 64 బిట్ విండోస్‌లో సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే కట్టడిని టీడీఎల్4 అనే, వ్యవస్థలో దాగి పనిచేసే రూట్‌కిట్ 2010లో తప్పించుకున్నది, విండోస్ లేచేలోపే మొదటి సెక్టారులో తన కోడ్‌ను కూర్చోబెట్టడం ద్వారా. వైరస్ అంతకంటే ముందే లేచి కూర్చుంటే, తర్వాత లేచే యాంటీవైరస్ ఏ సమాచారం చూడాలో వైరసే నిర్ణయిస్తుంది.

కొలతల పరిమితి మరొకటి. పాత పార్టిషన్ పట్టికలో సెక్టారు సంఖ్యకు 32 బిట్లే ఉన్నందున, 512 బైట్ల సెక్టార్లతో సుమారు 2.2 టెరాబైట్లు దాటిన డిస్కును అది పూర్తిగా వాడుకోలేదు. ఇంటెల్ 1990ల చివరలో ఐటేనియం ప్రాసెసర్ల కోసం రూపొందించి, 2005లో పలు కంపెనీలు కలిసిన ఫోరమ్‌కు అప్పగించిన పద్ధతే నేటి యూఈఎఫ్ఐ. దానితోపాటు వచ్చిన జీపీటీ అనే కొత్త పార్టిషన్ పట్టికలో సాధారణంగా 128 పార్టిషన్లకు చోటుంటుంది, దాని రెండో ప్రతి డిస్కు చివర భద్రంగా ఉంటుంది. బూట్‌లోడర్ కూడా ఇప్పుడు కంటికి కనబడని సెక్టార్లలో కాక, ఒక చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో మామూలు ఫైలుగా ఉంటుంది. దాన్ని కాపీ చేసి దాచుకోవచ్చు, చెడితే తిరిగి పెట్టవచ్చు. మరమ్మతు చేసే మనిషికి ఇది పాతదానికంటే సులువైన సంగతని నా అభిప్రాయం. ఆ పార్టిషన్‌ను తెరిచి ఆమెకు చూపిస్తే మీ వాదన సగం తీరిపోవచ్చు.

అసలు చిక్కు సెక్యూర్ బూట్ దగ్గర ఉంది. ఇందులో నాలుగు జాబితాలు పనిచేస్తాయి. యంత్రం తయారీదారు పెట్టే ప్లాట్‌ఫామ్ కీ అన్నిటికీ పైన ఉంటుంది. దాని కింద జాబితాలను మార్చే హక్కున్న కీలు ఉంటాయి. ఆ కింద ఏ సంతకాలున్న ప్రోగ్రాములను నడవనివ్వాలో చెప్పే డీబీ, వేటిని నిరాకరించాలో చెప్పే డీబీఎక్స్ ఉంటాయి. ఫర్మ్‌వేర్ బూట్‌లోడర్‌ను చదివి, దాని సంతకం డీబీలో ఉండి, డీబీఎక్స్‌లో లేదని రూఢి చేసుకున్నాకనే దాన్ని నడుపుతుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు, విండోస్ ముద్రతో అమ్మే కంప్యూటర్లలో ఇది ఆన్ చేసి ఉండాలని మైక్రోసాఫ్ట్ నిబంధన పెట్టింది. దాంతో లోకంలోని అధికభాగం పీసీల డీబీలో ఆ కంపెనీ కీలు చేరాయి. లినక్స్ పంపిణీలు కూడా షిమ్ అనే చిన్న బూట్‌లోడర్‌కు మైక్రోసాఫ్ట్ చేత సంతకం చేయించుకుని, దాని ద్వారా తమ సొంత కీలను నమ్మించుకునే దారి పట్టాయి. ఉబుంటు 2012లోనే ఆ దారిలోకి వచ్చింది, డెబియన్ 2019 వరకు రాలేదు. కాబట్టి ‘మైక్రోసాఫ్ట్ సంతకం తేలుస్తోంది’ అన్న మీ అమ్మగారి ఆరోపణలో అబద్ధం లేదు.

నిజం అక్కడితో పూర్తి కాలేదు. అదే 2012 నిబంధన ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల పీసీల్లో వినియోగదారుడు సెక్యూర్ బూట్‌ను ఆపుకొనే వీలు, కీలను మార్చుకునే వీలు ఉండి తీరాలని కూడా చెప్పింది, ఏఆర్ఎం ప్రాసెసర్ల యంత్రాలకు మాత్రం ఆపే వీలును నిషేధించింది. విండోస్ 10 వచ్చేసరికి ఆపే వీలు ఇవ్వాలా వద్దా అన్నది తయారీదారుల ఇష్టానికి వదిలేశారు. మీ అమ్మగారు నిజంగా పట్టుబట్టవలసింది ఈ మార్పు మీద. ఆపే స్విచ్, సొంత కీ చేర్చుకునే దారి రెండూ ఉన్న యంత్రాన్నే కొనాలని ఆమె షరతు పెడితే, దాన్ని ఛాదస్తమని కొట్టిపారేయకండి. మీరు కొన్న ల్యాప్‌టాప్‌లో ఆమె సెక్యూర్ బూట్‌ను ఆపగలిగారు కనుక ఆ షరతులో సగం నెరవేరినట్టే.

‘ఛేదించారు’ అన్నది కూడా నిజమే. 2020లో బూట్‌హోల్ పేరుతో లినక్స్ వాడే గ్రబ్ బూట్‌లోడర్‌లోని లోపం బయటపడింది. 2023లో బ్లాక్‌లోటస్ అనే, బూట్ దశలోనే చొరబడే బూట్‌కిట్, అన్ని అప్‌డేట్‌లూ వేసుకున్న విండోస్ 11ను సైతం సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే లొంగదీసుకుంది. అది వాడుకున్న లోపాన్ని 2022 జనవరిలోనే సరిచేశారు, కానీ లోపమున్న పాత బూట్‌లోడర్ల మీది సంతకాలు అప్పటికింకా చెల్లుతూనే ఉన్నాయి. దాడి చేసేవాడు ఆ పాత ఫైలును తెచ్చిపెడితే ఫర్మ్‌వేర్ దాన్ని నమ్మింది. వాటన్నిటినీ డీబీఎక్స్‌లో చేర్చేస్తే పాత ఇన్‌స్టాలేషన్ డిస్కులు, రికవరీ పెన్‌డ్రైవ్‌లు పనిచేయకుండా పోతాయి, అందుకే ఆ పని నెమ్మదిగా సాగుతుంది. 2024లో బయటపడినది ఇంకా సిగ్గుచేటు: ‘నమ్మవద్దు’ అని పేరులోనే రాసి ఉన్న పరీక్షా కీని తీసేయకుండా, ప్లాట్‌ఫామ్ కీగా ఉంచి వందలాది మోడళ్లను తయారీదారులు అమ్మేశారు.

అయినా నా తీర్పు మీ వైపే మొగ్గుతుంది. బ్లాక్‌లోటస్ వంటిది రాయడానికి దొంగ ఎంతో శ్రమపడి, సంతకమున్న లోపభూయిష్టమైన ఫైలును వెతుక్కోవాలి. సెక్యూర్ బూట్ ఆపేస్తే ఆ శ్రమ ఏదీ అక్కరలేదు. అలాగని దాని నుంచి అతిగా ఆశించకండి. మీరు స్వయంగా తెరిచి నడిపే దొంగ ప్రోగ్రామును అది ఆపదు. ల్యాప్‌టాప్ దొంగిలించినవాడు డిస్కును ఊడదీసి చదువుకోకుండా కాపాడేది సమాచారాన్ని కీ లేనివాళ్లు చదవలేని రూపంలోకి మార్చే ఎన్‌క్రిప్షనే తప్ప ఇది కాదు.

ఇప్పుడు వెంటనే చేయవలసిన పని ఒకటుంది. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, డిస్కు ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ కావడం సాధారణం. సెక్యూర్ బూట్ స్థితి మారిందని టీపీఎం అనే భద్రతా చిప్పు గుర్తిస్తే యంత్రం విండోస్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్‌కు సంబంధించిన 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అమ్మగారు ఇప్పటికే ఒకసారి మార్చారు కనుక, ఇంకేదీ కదపకముందే ఖాతాలోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత సెక్యూర్ బూట్‌ను తిరిగి ఆన్ చేయండి. ఆమె లినక్స్ వేయదలిస్తే పేరున్న పంపిణీలు అలాగే ఎక్కుతాయి. ఎక్కనంటే, సెటప్‌లో మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ సర్టిఫికెట్‌ను అనుమతించే ఆప్షన్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. సెక్యూర్డ్-కోర్ రకం ల్యాప్‌టాప్‌లలో అది ఆఫ్‌తోనే వస్తుంది, లినక్స్‌ను నిషేధించారని జనం పొరబడేది అక్కడే. తాను స్వయంగా కంపైల్ చేసిన డ్రైవర్లకు ఆమె తన సొంత కీని షిమ్ ద్వారా చేర్చుకోవచ్చు. ఇంకా ముందుకు వెళ్లి ప్లాట్‌ఫామ్ కీతో సహా అన్నీ తన కీలతో మార్చాలనుకుంటే మాత్రం జాగ్రత్త అవసరం: గ్రాఫిక్స్ కార్డు వంటి భాగాల ఫర్మ్‌వేర్ మైక్రోసాఫ్ట్ సంతకంతో వచ్చి ఉంటే, ఆ కంపెనీ కీలను తీసేశాక తెర మీద బొమ్మే రాకపోవచ్చు. వాటిని ఉంచి, తన కీని అదనంగా చేర్చుకోవడం మేలు.

మరో సంగతి, 2011 నాటి మైక్రోసాఫ్ట్ సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది, వాటి స్థానంలోకి 2023 నాటివి వస్తున్నాయి. విండోస్ అప్‌డేట్‌లను, తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లను ఆపకుండా ఉంటే ఈ మార్పిడి చాలావరకు దానంతటదే జరిగిపోతుంది.

పాత డెస్క్‌టాప్ విషయంలో పాత పద్ధతినే కోరే అమ్మగారి మాటే వినండి. దాని బోర్డు యూఈఎఫ్ఐని అసలు గుర్తించకపోతే మార్చే ప్రశ్నే లేదు. గుర్తించేదైతే, 2017 నుంచి విండోస్ 10లో ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం డేటా పోకుండా పట్టికను మార్చగలదు. ముందుగా పూర్తి బ్యాకప్ తీసుకోవాలి, మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉండకూడదు, మార్చిన వెంటనే సెటప్‌లో యూఈఎఫ్ఐ పద్ధతిని ఎంచుకోవాలి. కానీ సవ్యంగా నడుస్తున్న యంత్రానికి ఈ శ్రమ ఎందుకు? విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ డెస్క్‌టాప్ మీద ఆమె లినక్స్ వేసుకుంటే, గ్రబ్ ఇప్పటికీ పాత పద్ధతిలో చక్కగా బూట్ చేస్తుంది.

ప్రశ్న: షట్ డౌన్ నొక్కినా కంప్యూటర్ పూర్తిగా ఆగడం లేదని మా నాన్నగారు, అది ఊహ మాత్రమేనని నేను. సెటప్‌లోకి వెళ్లడానికి ఆయన నొక్కే కీ కూడా పనిచేయడం లేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందా?

జవాబు: నాన్నగారి పరిశీలన సరైనది. విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు, లాగిన్ ముగుస్తాయి గానీ, కెర్నెల్, డ్రైవర్ల స్థితి డిస్కులో ఒక ఫైలుగా రాసి ఉంటుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే చదివి కొనసాగుతుంది. కరెంటు వినియోగం ఆగుతుంది, జ్ఞాపకం మాత్రం మిగులుతుంది. అందుకే డ్రైవర్ గడబిడ ఏదైనా వచ్చినప్పుడు షట్ డౌన్ కంటే రీస్టార్ట్ మేలు, రీస్టార్ట్ అన్నిటినీ మొదటి నుంచి లేపుతుంది. పూర్తిగా ఆపాలనుకున్న రోజున షిఫ్ట్ కీ పట్టుకుని షట్ డౌన్ నొక్కమనండి. అదే డిస్కు మీద లినక్స్ కూడా ఉన్నవాళ్లు ఫాస్ట్ స్టార్టప్‌ను శాశ్వతంగా ఆపేయడమే మంచిది, లేకపోతే సగంలో నిలిచి ఉన్న విండోస్ పార్టిషన్‌లో రాయడానికి లినక్స్ నిరాకరిస్తుంది.

కీ పనిచేయకపోవడానికి కారణం వేరే ఉండవచ్చు. ఫర్మ్‌వేర్‌లోనే ఫాస్ట్ బూట్ అనే మరో ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే యూఎస్‌బీ కీబోర్డును లేపకుండానే ముందుకు పోయే యంత్రాలు ఉన్నాయి. అలాంటప్పుడు విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్ లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌ను ఎంచుకుంటే, కీ కోసం వేళ్లు అరగదీసుకోనక్కరలేదు.

ప్రశ్న: బయోస్ అప్‌డేట్ జోలికి పోవద్దని మా అమ్మ గట్టిగా చెబుతోంది. అప్‌డేట్‌లు వస్తూనే ఉన్నాయి. వేయమంటారా?

జవాబు: అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోయి, చిప్పును ఊడదీసి ప్రోగ్రామర్‌లో పెట్టి రాయవలసివచ్చే రోజుల్లో ఏర్పడిన నియమం అది, ఆ రోజుల్లో అది సరైన నియమమే. ఇప్పుడు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సంతకంతో వస్తుంది, విండోస్ అప్‌డేట్ ద్వారానో, లినక్స్‌లో ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే సాధనం ద్వారానో అందుతుంది. కొన్ని బోర్డుల్లో రెండో ప్రతి గల చిప్పు, లేదా ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి తిరిగి రాసుకునే ఏర్పాటు ఉంటుంది. ప్రమాదం తగ్గిందే గానీ పూర్తిగా పోలేదు. కాబట్టి విడుదల వివరాలు చదవండి. భద్రతా లోపాన్ని సరిచేశామని ఉంటే వేయండి, మీరు వాడని కొత్త ప్రాసెసర్‌కు మద్దతు చేర్చామని మాత్రమే ఉంటే అమ్మగారి మాట ప్రకారం వదిలేయండి. వేసేటప్పుడు ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్నప్పుడే పూనుకోండి, బిట్‌లాకర్ ఉంటే ముందుగా దాన్ని తాత్కాలికంగా నిలిపివేయండి. చాలా బోర్డుల్లో అప్‌డేట్ తర్వాత సెట్టింగ్‌లు మొదటి స్థితికి వెళ్లిపోతాయి; బూట్ క్రమం, సెక్యూర్ బూట్, డిస్కు కంట్రోలర్ పద్ధతి ఎలా ఉన్నాయో ముందే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.